నాకొక్కడికే వినిపించని చప్పుడు

దయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. నా పేరు తిరుపతి. గోదావరిఖనిలో మెయిన్ రోడ్డు వెనక సందులో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లు విప్పి, రాగి తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేసి పంపడం నా పని. మోటారు ఆగిందంటే దానికి కారణం ఉంటుంది, విప్పితే కనపడుతుంది. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క నమ్మకం మీదే అన్నం తింటున్నాను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు కట్టించే ముందు బీపీ చూపించుకోమని చెప్పేదీ నేనే.

అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఇందులో నాకు భయం వేసిన చోట్లు తక్కువ, కడుపు మండిన చోట్లు ఎక్కువ. అదీ దాచను.

మా బాపు మల్లయ్య బొగ్గు బాయిలో సర్దార్‌గా చేశాడు. షిఫ్టులో అందరికంటే ముందు వెళ్ళి, పని జాగాలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసేది సర్దారే. చూడటమంటే కళ్ళతో కాదు, కర్రతో. పైకప్పును కర్రతో కొట్టి చెవి పెట్టి వింటారు. ఖంగుమంటే ఫికర్ లేదు. డొల్లగా మోగితే ఆ కింద మనిషిని నిలబడనివ్వరు.

ఒక్కో సర్దార్‌ది ఒక్కో తీరు. మా బాపు రెండు దెబ్బలు గబగబా కొట్టి, కాస్త ఆగి, మూడోది మెల్లగా కొట్టేవాడు. ఇంటి తలుపు కొట్టినా అంతే. కిరాయి ఇల్లు చూడబోతే ఓనరు ముందే స్లాబు కొట్టి చూసి, ఆ మనిషి మొహం మాడేలా చేసేవాడు. నైట్ షిఫ్టు నుంచి ఆయన వచ్చి తలుపు కొడితే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బొగ్గు దుమ్ముకు బాపు ఊపిరితిత్తులు చెడిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. అలా అయితే ఇంట్లో ఒకరికి వారసత్వ ఉద్యోగం వస్తుంది. కొడుక్కి ఇప్పించవచ్చు, ఇంట్లోనే ఉంటున్న అల్లుడికైనా ఇప్పించవచ్చు. బాపుకు కొడుకును నేనొక్కణ్ణే. అయినా ఆయన అల్లుడి పేరు రాయించాడు.

ఆ అల్లుడు మా పద్మక్క భర్త, రాజేశం బావ. మంచివాడే. ఆ మంచితనమే నాకు పెద్ద కష్టం. తిట్టుకుందామంటే ఒక్క కారణం దొరకనివ్వడు. నేను ఐటీఐ చేశానని బాపు లెక్క. నన్ను కూర్చోబెట్టి, "నీ చేతిల పనుంది, యాడన్న బతుకుతవ్. వానికేమున్నది?" అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపినంత మాత్రాన లోపల సర్దుకుంటుందా? కొత్త టోపీ, కొత్త బూట్లతో బావ మొదటి షిఫ్టుకు పోతుంటే బాపు వాకిట్లో నిలబడి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. ఏ జాగాలో రూఫ్ ఎలా మోగుతుందో సాయంత్రాలు మంచం మీద కూర్చుని బావకే చెప్పేవాడు. నేను పక్కన కూర్చుంటే మాట మార్చేవాడు. బాపు పోయి ఆరేళ్ళు దాటింది. పాడె ముందు నిప్పు పట్టుకుని నడిచింది నేనైతే, అందరూ ఓదార్చింది బావను.

ఇక విమానం సంగతి. బావ కొన్నేళ్ళకు బాయి నుంచి వర్క్‌షాపుకు మారాడు, ఫిట్టర్‌గా. అప్పుడు మొదలైంది ఈ పిచ్చి. ఫోన్‌లో వీడియోలు చూస్తూ క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో అల్యూమినియం పైపులు, గుడ్డ, తీగలతో విమానం కట్టడం మొదలుపెట్టాడు. పక్కపక్కనే ఇద్దరు కూర్చునేది. ఇంజిన్ బెంగళూరులో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. సెలవు పెట్టి మైసూరు వైపు వెళ్ళి చిన్న విమానం నడపడం నేర్చుకొచ్చాడు. అనుమతుల సంగతి మీరు అడగకండి, తర్వాత పోలీస్ స్టేషన్లో కావలసినన్ని సార్లు అడిగారు.

వైరింగు మొత్తం నేనే చేశాను. కానీ చూడటానికి వచ్చినవాళ్ళందరూ "మీ బావ విమానం చేస్తుండట గదా" అనేవాళ్ళు. ఒక్కడైనా "మీరిద్దరు చేస్తున్నరట" అనలేదు.

ఒక చిన్న గొడవ గురించి చెప్పాలి. పెట్రోల్ ట్యాంకు అడుగున నట్టు దగ్గర చెమ్మ కారుతోంది. బావ పాత కన్వేయర్ బెల్టు ముక్క గుండ్రంగా కోసి వాషర్ వేశాడు. మా బొగ్గు గనుల ఊళ్ళలో పాత కన్వేయర్ బెల్టు ముక్క లేని ఇల్లుండదు. గడప ముందు పట్టా అదే, బండి మడ్‌గార్డు అదే, గేటు కీలు విరిగితే అక్కడా అదే. పెట్రోలు తగిలే చోట రబ్బరు ఉబ్బుతుంది, కార్కు వాషర్ వెయ్యమన్నాను. కొండంత బొగ్గు మోసిన బెల్టు పావు లీటరు పెట్రోలుకు భయపడుతుందా అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

పెద్దపల్లి పోయే దారిలో పాత రన్‌వే ఒకటి ఉంది. విమానాలు దిగడం మానేసి ఎన్నేళ్ళయిందో. మేకలు మేస్తుంటాయి. బావ అక్కడ ఒంటరిగా రెండుసార్లు ఎగిరి దిగాడు. మూడోసారి పక్క సీట్లో కూర్చోమని నన్ను పిలిచాడు. ప్లే డే నాడు, అంటే బాయికి సెలవు రోజు, పొద్దున్నే. వరి కోతలు అయిపోయిన రోజులు. రానంటే భయపడ్డాననుకుంటారని వెళ్ళాను. తల మీద అడ్డంగా ఉన్న పైపుకు వీడియో తియ్యడానికి నా ఫోన్ బిగించాను. ఫోన్ నాది, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇద్దరం బైకు హెల్మెట్లు పెట్టుకున్నాం. ఇంజిన్ మోతకు పక్కన మనిషి గొంతు చించుకుంటే సగం మాట వినపడుతుంది. లేచాక చుట్టూ చూశాను. రామగుండం పొగ గొట్టాలు మా కంటే కొంచెమే ఎత్తులో ఉన్నట్టున్నాయి. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గని మీదుగా ఒక చుట్టు తిరిగి వెనక్కి రావాలని అనుకున్నాం. నల్లటి గొయ్యి, చుట్టూ తవ్వి పోసిన మట్టి గుట్టలు ఎదురుగా దగ్గరవుతున్నాయి. ఇంజిన్ ఏ తేడా లేకుండా పాడుతోంది. ఇంజిన్ శబ్దం వినడం నా వృత్తి కాబట్టి ఈ విషయం గట్టిగా చెప్పగలను.

అప్పుడు బావ నా వైపు తిరిగి విసుగ్గా అరిచాడు. పైన కొట్టకు అంటున్నాడని రెండోసారికి అర్థమైంది. నా చేతులు రెండూ సీటు అంచును పట్టుకుని ఉన్నాయి. ఎత్తి చూపించాను.

బావ నా చేతులు చూశాడు. తర్వాత తల ఎత్తి పైపు వైపు చూశాడు. వెంటనే విమానాన్ని ఎడమకు తిప్పాడు, మెల్లగా కాదు, ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు. గని వెనకబడి పొలాలు ముందుకొచ్చాయి. ఎందుకు తిప్పావని నేను అరుస్తూనే ఉన్నాను.

పొలాల మీదికి వచ్చామో లేదో ఇంజిన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. చచ్చిపోతానని అనుకున్నాను. భార్య, పిల్లలు గుర్తొచ్చారని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి గుర్తొచ్చింది ఆ వాషర్. కార్కు వెయ్యమన్నాను కదా అనే అనుకున్నాను.

బావ ముక్కు కిందికి దించి, కోసిన మడులు చూసుకుని దింపాడు. చక్రాలు తగిలి కొంత దూరం సాఫీగా పోయాం. ఒక గట్టు తగిలి ముందు చక్రం విరిగింది, విమానం ముక్కు మీద నిలబడి ఒక పక్కకు ఒరిగింది. నా మోకాలు చీలింది. బావ భుజం ఎముక విరిగింది. అంతే. ఆ మలుపు తిప్పకుండా ఉంటే మేము మట్టి గుట్టల మీదో, గొయ్యిలోనో పడేవాళ్ళం. అక్కడ దిగడానికి మంచమంత చదును కూడా లేదు.

గడ్డి మోపులు కడుతున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. బావ హెల్మెట్ తియ్యనిచ్చి, నా మొహంలోకి చూసి ఒక్కటే మాటన్నాడు.

"మామ కొట్టిండు తిరుపతి. డొల్ల మోగింది. నువ్వు ఇన్నవ్ గదా?"

నేను వినలేదు. తలకు దెబ్బ తగిలిందేమో అనుకుని అంబులెన్సుకు ఫోన్ చేశాను.

దవాఖానలో బావకు కట్టు కట్టాక, పద్మక్క వీడియో పెట్టమంది. ఫోన్‌కు గీత కూడా పడలేదు. అక్క చెవి దగ్గర పెట్టుకుని వింటూ వింటూ, బావ నా వైపు తిరిగే చోటుకు కాస్త ముందు, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు కర్ర అంది. నేను తీసుకుని విన్నాను. ఇంజిన్. గాలి. బావ అరుపు. ఇంకేమీ లేదు.

మా అమ్మను మేము అవ్వ అని పిలుస్తాం. ఇంటికి వెళ్ళాక అవ్వకు వినిపించాను. ముందుగా ఏమీ చెప్పకుండానే పెట్టాను, అక్కను కూడా మాట్లాడనివ్వలేదు. సరిగ్గా అదే చోట అవ్వ లేచి వాకిలి వైపు చూసింది, తలుపు తియ్యడానికి పోతున్నదానిలా.

బాపుతో కలిసి పనిచేసిన మొగిలి కాక నస్పూర్‌లో ఉంటాడు. ఈయనకు మా ప్రమాదం సంగతే తెలియదు. వెళ్ళి, ఒక ఇంజిన్ శబ్దం విను కాకా, లోపం చెప్పు అని ఫోన్ ఇచ్చాను. బీడీ పక్కన పెట్టి విన్నాడు. "ఇంజిన్ సంగతి నాకేం ఎరుక. ఇది మల్లన్న కర్ర గదా, యాడ రికార్డు చేసినవ్?" అన్నాడు. రెండు గబగబా, ఒకటి ఆగి, డొల్లగా, అని వేలితో బల్ల మీద కొట్టి చూపించాడు.

తర్వాత షాపుకు వచ్చిన గిరాకీలకు వినిపించాను. బాపును ఎరగనివాళ్ళు. వాళ్ళకు ఇంజిన్ తప్ప ఏమీ వినపడలేదు. పెద్దపల్లిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే అతను కంప్యూటర్లో గీతలు పెట్టి చూపించాడు. ఆ చోట మోత తప్ప వేరే శబ్దమే లేదన్నాడు. కరీంనగర్ పోయి చెవుల పరీక్ష చేయించుకున్నాను. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు.

అంటే బాపుతో బతికినవాళ్ళకు వినపడుతోంది, ఆయన ఎవరో తెలియనివాళ్ళకు వినపడటం లేదు. నేను ఆ రెండో గుంపులో ఉన్నాను. కడుపు మండిన చోట్లు ఎక్కువ అన్నాను చూశారా, అన్నిటికంటే ఎక్కువ మండింది ఇక్కడే. తప్పు వాషర్ వేసినవాడికి కర్ర చప్పుడు. సరైన వాషర్ చెప్పినవాడికి ఇంజిన్ మోత. ఉద్యోగం ఇచ్చాడు, ఊరుకున్నాను. ఆయన చచ్చాక కూడా అల్లుడి దగ్గరికే రావాలా?

విమానం మొత్తం విప్పి చూశాను. బెల్టు రబ్బరు పెట్రోలుకు ఉబ్బి, పొరలు పొరలుగా ఊడి పైపులో అడ్డం పడింది. ఇంజిన్ ఎందుకు ఆగిందో అక్కడ దొరికింది. కర్ర చప్పుడుకు కూడా కారణం వెతికాను. రెక్కను పట్టే తీగ ఒకటి కొంచెం వదులుగా ఉంది. అది పైపుకు తగిలి మోగి ఉండవచ్చు. అలాగైతే అది అందరికీ వినపడాలి, నాకూ వినపడాలి. పైగా ఆ తీగ బావ హెల్మెట్ దాటి, ఇంజిన్ మోత దాటి ఎలా వినిపిస్తుంది? ఇంజిన్ ఆగబోతోందని దానికి ముందే ఎలా తెలుస్తుంది? ఆ లెక్క తేలలేదు.

ఓదార్చేవాళ్ళకు కొదవ లేదు. మొగిలి కాక అన్నాడు, బాయిలో సర్దార్ ఎవరి చేతిలో పనుంటే వాళ్ళకే చెప్తాడు, బండి నడిపేది రాజేశం కాబట్టి అతనికి చెప్పాడు, నువ్వూ బతికావు కదా అని. మంచి మాటే. కానీ నాకు ఓదార్పు వద్దు, ఆ చప్పుడు కావాలి. షాపు షట్టర్ ఎత్తాక, గిరాకీలు రాకముందు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ వినేవాణ్ణి. ఆ చోటు వచ్చేసరికి ఊపిరి బిగపట్టేవాణ్ణి. బాపు తలుపు కొట్టే చప్పుడు నా తలలో స్పష్టంగా ఉంది, ఫోన్‌లో మాత్రం లేదు.

అవ్వ వారానికోసారైనా పెట్టమనేది. నేను ఫోన్ పట్టుకుని ఆమె మొహం చూసేవాణ్ణి. ఆ చోట ఆమె కళ్ళు మెరిసేవి. కన్నతల్లి మీద కూడా కుళ్ళుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పెత్రమాస వచ్చింది. పెద్దలకు పెట్టుకునే అమావాస్య కదా, అందరం ఒక్క చోట చేరాం. బాపు పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చాక అవ్వ వీడియో పెట్టమంది. విన్నది. ఇంకోసారి పెట్టమంది.

"ఇనవడ్తలేదు బిడ్డా," అంది.

అక్క లాక్కుని విన్నది. బావ విన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే ఫోన్, అదే వీడియో. నేను ముట్టుకున్నది లేదు, మార్చింది లేదు. మొగిలి కాకకు ఫోన్ చేసి స్పీకర్లో వినిపించాను, ఆయనకూ లేదు. మర్నాడు నస్పూర్ వెళ్ళి చేతికిచ్చాను, అప్పుడూ లేదు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. బావ గోడకు ఆనుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

నేను సంతోషపడ్డాను. ఉన్నమాట. బయటికి వచ్చి నిలబడి, ఇక అందరం సమానమే అనుకున్నాను. ఆ సంతోషం సందు చివరిదాకా కూడా నిలవలేదు. వాళ్ళకు వినపడుతున్నంత కాలం ఏదో ఒక రోజు నాకూ వినపడుతుందన్న ఆశ ఉండేది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. వాళ్ళకు చప్పుడు పోయింది, నాకు ఆ ఆశ పోయింది.

కొన్ని రోజులకు బావ షాపుకు వచ్చాడు. భుజం అతుక్కుంది కానీ చెయ్యి పూర్తిగా ఎత్తలేడు. టీ తెప్పించాను. వీడియో పెట్టమన్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసేపు విన్నాడు, తల అడ్డంగా ఊపి నాకిచ్చాడు. అలవాటు చొప్పున నేనూ పెట్టుకుని, ఆ చోటు వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఊపిరి బిగపట్టాను. ఇంజిన్, గాలి. కళ్ళు తెరిచేసరికి బావ నన్నే చూస్తున్నాడు.

"నీకు ఇనవడ్తుంది," అన్నాడు. "చెప్తలేవు."

లేదు బావా అన్నాను. పిల్లల మీద ఒట్టు వేశాను.

"మా దగ్గర్నించి పోయిండంటే యాడికి పోతడు? ఆఖరుకు కొడుకు దగ్గరికే పోయిండు." గ్లాసులో సగం టీ వదిలేసి లేచాడు. షట్టర్ దగ్గర ఆగి ఇంకోసారి నా వైపు, నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆయనకు ఉద్యోగం కాగితాలు వచ్చిన నాటి నుంచి నేను ఆయన్ను చూస్తున్న చూపు అదే.

అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా అదే అడుగుతాడు. ఆ చప్పుడు ఫోన్‌లోకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో, అందరిలో నన్నొక్కణ్ణే ఎందుకు వదిలేసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. విప్పి చూడ్డానికి అందులో ఏమీ లేదు. నాకు ఇంతవరకూ ఇంజిన్ తప్ప ఏమీ వినపడలేదు. బావకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. ఈమధ్య నేనూ గట్టిగా చెప్పడం మానేశాను.